తంగేడు పొద దగ్గర నిలబెట్టిన బొమ్మ

ఇరవై ఏళ్లు దాటింది. ఒక ప్లాస్టిక్ బొమ్మను ఒక చోటు నుంచి తీసి ఇంకో చోట పెట్టాను. మధ్య దూరం నూరు అడుగులకు మించదు. ఆ బొమ్మ అరచేతిలో ఇమిడిపోయేంతది, బరువు లేనిది. అప్పటి నుంచి దాన్ని మోస్తూనే ఉన్నాను.

ఈ సంగతి ఎవరికీ తెలియదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెప్పగలుగుతున్నానంటే మీకు నా ముఖం తెలియదు కాబట్టి. నా పేరు రాయడం లేదు. ఊరి పేరూ రాయను. గోరంట్ల నుంచి కదిరి పోయే దారికి కాస్త లోపలగా ఉంటుంది, అంతవరకు చాలు. మా అన్న కూతురిని మంజుల అంటాను. అసలు పేరు అది కాదు. నా వల్ల ఆమె పేరు ఒకసారి పాడైంది. ఇంకోసారి దాన్ని బయటికి లాగే హక్కు నాకు లేదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. పుట్టపర్తిలో ఒక చిన్న లాడ్జిలో పని చేసేవాణ్ణి. వచ్చినవాళ్లకు గదులు చూపించడం, వెళ్లిపోయాక గదుల్లో ఏమైనా మరిచారా అని చూడడం నా పని. ఒకరోజు విదేశీ కుటుంబం ఒకటి ఖాళీ చేసి వెళ్లాక మంచం కింద ఈ బొమ్మ దొరికింది. పది రోజులు బల్ల సొరుగులో ఉంచాను. ఎవరూ అడగలేదు. సెలవు మీద ఊరికి పోయినప్పుడు తీసుకెళ్లి మంజులకు ఇచ్చాను. ఆమెకు ఎనిమిదేళ్లు.

అది పసుపు రంగు లారీ. వీపు మీద పొడుగాటి ఇనుప స్తంభం పడుకోబెట్టినట్టు ఉండేది. బోర్లు వేసే రిగ్గు బండికి అచ్చంగా నకలు. ఆ స్తంభాన్ని పైకి లేపి ముందు భాగాన్ని రెండుగా చీలిస్తే కాళ్లయ్యేవి. సీటు కింద నుంచి చిన్న తల బయటికి వచ్చేది. ఒక చేతికి వేళ్లుండేవి. రెండో చెయ్యి మాత్రం చెయ్యి కాదు, నేలను తొలిచే మెలికల బరమా. ఎడమ మోకాలు వదులు. ఎంత జాగ్రత్తగా నిలబెట్టినా పక్కకు ఒరిగేది.

"ఏమప్పా, మన ఊరికొచ్చే రిగ్గు మాదిరే ఉండాడే వీడు. వీనికి డీజిలు ఎవరు పోస్తారు?" అన్నాడు మా అన్న. మంజుల దానికి బోరప్ప అని పేరు పెట్టింది.

దాని అసలు పేరు నాకూ తెలియదు. ఆదివారం పొద్దున లాడ్జి హాల్లోని టీవీలో బండ్లు రోబోలుగా మారే కార్టూన్ ఒకటి వచ్చేది. బొమ్మను గుర్తుపట్టి, వీడు ఎప్పుడు కనిపిస్తాడా అని చాలా వారాలు చూశాను. నాయకుడు కనిపించేవాడు. శత్రువు కనిపించేవాడు. విమానాలయ్యేవాళ్లు, కార్లయ్యేవాళ్లు వచ్చి యుద్ధాలు చేసేవాళ్లు. వీడు మాత్రం ఒకే ఒక్క ఆదివారం వచ్చాడు. అందరూ కొండ కింద చిక్కుకుంటే వీడు సొరంగం తవ్వాడు. అందరూ బయటపడేదాకా పైకప్పును భుజాలతో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత కొండ కూలింది. నాయకుడు ఒక్క క్షణం తల వంచి ముందుకు సాగిపోయాడు. తర్వాతి వారాల్లో వీడి ఊసు ఎవరూ ఎత్తలేదు.

మా ఊళ్లో అప్పటికి ఆ చానెల్ రాదు. కాబట్టి ఆ కథ మంజులకు నా నోటి నుంచి రావాల్సిందే. చెప్పాను. కొండ కూలేదాకా చెప్పాను.

"మళ్లీ ఏమైనాడు చిన్నాయనా వాడు?" అని అడిగింది.

చచ్చిపోయాడని చెప్పలేకపోయాను. "ఏమీ కాలేదు. భూమి లోపలే తిరుగుతాండాడు. నీళ్లు యాడుండాయో వెతుకుతాండాడు" అన్నాను. పిల్లకు చెప్పిన చిన్న అబద్ధం. దాన్ని ఆమె ఎంత లోపలికి తీసుకుందో అప్పుడు చూడలేదు. చూసి ఉంటే తర్వాత దాన్ని వాడుకునేవాణ్ణా? వాడుకునేవాణ్ణే అనుకుంటాను. నా మీద నాకు ఇప్పుడు భ్రమలు లేవు.

ఇక పొలం సంగతి. మా నాయన పోయాక భూమి ఇద్దరికీ పంచారు. మధ్యలో ఒక గెనిమ, అంటే మట్టి గట్టు. అటు అన్న బత్తాయి తోట, మా వైపు చీనీ అంటారు; ఇటు నా మెట్ట చేను. ఆ చేనులో శెనక్కాయ తప్ప ఏదీ వెయ్యలేం, అదీ వాన పడితేనే. అన్న చీనీ చెట్లకు ఆరేళ్లు వచ్చాయి, కాపు మొదలైంది. సరిగ్గా అప్పుడు వరుసగా వానలు పోయాయి. ఒక బోరు ఎండింది. రెండోది కూడా ఎండింది. చెట్ల ఆకులు మడతలు పడి, పిందెలు రాలి, కొమ్మల చివర్లు నల్లబడ్డాయి. ఇంకొక్క బోరు వేసే శక్తి మాత్రమే అన్నకు మిగిలింది. అది పడితే తోట బతుకుతుంది. లేకపోతే లేదు.

మా వైపు బోరు వేసేముందు నీళ్లు చూసేవాణ్ణి పిలుస్తారు. హనుమప్ప అనే ముసలాయన వచ్చాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని తోటంతా నడిచాడు. రెండు చోట్ల టెంకాయ లేచి నిలబడింది. ఒకటి తోట వెనుక తంగేడు పొద దగ్గర. రెండోది గెనిమ పక్కన, నా చేనుకు ఆనుకుని. రెండు చోట్లా మూడేసి రాళ్లు పేర్చాడు. రెండూ సమానమే అన్నాడు. ఇలా సమానంగా వచ్చినప్పుడు ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇంట్లో చిన్నబిడ్డ చేత ఒక చోట నిమ్మకాయ పెట్టిస్తారు. పొద్దు పొడిచేటప్పుడు బిడ్డ ఒక్కతే తోటలోకి పోవాలి. పెద్దవాళ్లు వీపు తిప్పి నిలబడాలి. యాడ పెట్టినావని అడగకూడదు, బిడ్డ చెప్పకూడదు. రిగ్గు వచ్చాకే అందరూ కలిసి వెతికి చూడాలి.

"చూసే కండ్లల్లో ఆశ ఉంటాది నాయనా. ఆశ పడిన తావున నీళ్లు పడవు" అన్నాడు హనుమప్ప.

"నిమ్మకాయ వద్దు తాతా. నా బోరప్పను పెడతా" అంది మంజుల.

ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. "పెట్టుకో తల్లీ. నా టెంకాయకంటే వీడే మేలేమో. వీనికి తవ్వను ముక్కన్నా ఉండాది."

అందరం నవ్వాం. బోరు వేసే రోజు పొద్దు పొడుస్తుండగా మంజుల తోటలోకి ఒక్కతే పోయింది. మేము వీపు తిప్పి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాం. తిరిగొచ్చినప్పుడు ఆమె చేతులకు మట్టి ఉంది. ముఖం గంభీరంగా ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు.

రిగ్గు పొద్దున్నే రావాల్సింది. దారి తప్పి పక్క ఊరికి పోయిందని కబురొచ్చింది. అన్న, హనుమప్ప, ఊళ్లో నలుగురు రోడ్డు మీద కాచుకుని కూర్చున్నారు. తోట వెనుక కంప అడ్డం ఉంది, బండి పట్టేంత దారి చెయ్యమని అన్న నన్ను పంపాడు. కొడవలి తీసుకుని పోయాను. కంప కొట్టి పక్కకు లాగుతుంటే తంగేడు పొద కింద పసుపు రంగు కనిపించింది.

బొమ్మను ఆమె బండిగా పెట్టలేదు. మనిషిగా మార్చి నిలబెట్టింది. వదులుగా ఉన్న ఎడమ కాలు ఒరగకుండా చుట్టూ తడి మట్టి మెత్తింది. ఆ తడి ఎక్కడిదో నాకు తెలియదు. ఇంటి నుంచి నోట్లో నీళ్లు పట్టుకొచ్చిందేమో. బరమా చెయ్యి నేలలోకి దిగి ఉంది. తల మీద ఒక తంగేడు పువ్వు.

ఇక్కడ కాస్త నెమ్మదిగా రాయాలి. ఆ నిమిషంలో నేను ఏమనుకున్నానో నిజంగా గుర్తుందా, లేక తర్వాత ఇన్నేళ్లలో కల్పించుకున్నానా? కొంత గుర్తుంది. లాడ్జి పని మానేసి ఊరికి రావాలని ఉంది. నా చేనులో మల్బరీ పెట్టి పట్టుపురుగులు పెంచాలని ఉంది. గెనిమ దగ్గర పడిన నీళ్లు గెనిమకు రెండు పక్కలా పారతాయని మా వైపు పెద్దల మాట. అక్కడ బోరు పడితే నా వాటా నేను అడగనక్కర్లేదు. తంగేడు పొద దగ్గర పడితే అన్నను అడగాలి. అడిగితే కాదనేవాడా? కాదనేవాడు కాదు. అదే నాకు ఇష్టం లేకపోయింది. ఇచ్చినవాడు అన్న, పుచ్చుకున్నవాడు నేను అనే లెక్కలో బతకడం ఇష్టం లేకపోయింది. రెండూ సమానమేనని ముసలాయన అన్నాడు కదా, అలాంటప్పుడు ఎవరికి నష్టం, అనుకున్నాను. ఈ మాటను తర్వాత చాలా ఏళ్లు మందులా వాడాను.

బొమ్మను లాగాను. మట్టి దులిపాను. కాళ్లతో మంజుల చిన్న పాదాల గుర్తులు చెరిపేశాను. గెనిమ దగ్గరికి తీసుకుపోయి రాళ్ల పక్కన నిలబెట్టబోయాను. నిలబడలేదు. ఎడమ మోకాలు మడత పడింది. మళ్లీ పెట్టాను, మళ్లీ పడింది. రోడ్డు మీద హారన్ వినిపించింది. తలను సీటు కిందికి నొక్కి, కాళ్లు రెండూ కలిపి, స్తంభాన్ని వీపు మీదికి వాల్చి, బండిగా చేసి అక్కడ వదిలేసి కంప దగ్గరికి పరుగెత్తాను.

రిగ్గు వచ్చింది. అందరూ తోటలోకి వచ్చి వెతికారు. గెనిమ దగ్గర బొమ్మను మా అన్నే చూశాడు. హనుమప్ప కర్పూరం వెలిగించాడు. మంజుల అందరి వెనుక నుంచి వచ్చి బొమ్మను చూసింది. తంగేడు పొద వైపు చూసింది. తర్వాత నా చొక్కా పట్టుకుని పక్కకు లాగింది.

"చిన్నాయనా, నేను ఈడ పెట్టలే."

"యాడ పెట్టినావో చెప్పగూడదు కదా పాపా."

"వాణ్ని మనిషిని చేసి నిలబెట్టినా. ఇప్పుడు బండైపోయినాడే?"

"నడిచొచ్చినాడు. అలిసిపోయి బండైనాడు."

"వాడంతకు వాడే వచ్చినాడా?"

"నీళ్లు యాడుండాయో వానికి తెలుసు. నీకు తెలుసా?"

తల అడ్డంగా ఊపింది. "అయితే సరే" అంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదని పద్ధతి. పైగా చిన్నాయన చెప్పాడు.

బరమా తిరగడం మొదలైంది. మొదట ఎర్ర దుమ్ము, తర్వాత నల్లది, తర్వాత తెల్లది. రిగ్గు మేస్త్రి ప్రతిసారీ గుప్పెడు దుమ్ము తీసి వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. పొడి. ఇంకో రాడ్డు దించుదామా అని అన్నను అడిగేవాడు. "దించప్పా" అనేవాడు అన్న. అలా చాలాసార్లు అన్నాడు. పొద్దు గుంకేవేళకు అనడం మానేశాడు. ఆ దుమ్ము పడి చీనీ చెట్లన్నీ తెల్లగా అయ్యాయి. మా వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గెనిమ మీద కూర్చుంది. హనుమప్ప చెప్పులు చేతిలో పట్టుకుని చెప్పకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఆ ఖాళీ బోరు మీద బండ మూయడానికి పోయాను. మంజుల అప్పటికే అక్కడ ఉంది. బొమ్మను గొట్టంలోకి వదులుతోంది. ఆపేలోపే వదిలేసింది. గొట్టం అంచులకు తగులుతూ కిందికి పోయిన చప్పుడు చాలాసేపు వినిపించింది. నీళ్లలో పడిన చప్పుడు మాత్రం రాలేదు. ఆమె ఏడవలేదు. లేచి చేతులు దులుపుకుని ఇంటికి పోయింది.

బొమ్మను జరపడమే నా తప్పని మొదట్లో అనుకునేవాణ్ణి. ఆ తప్పుకు జవాబు కూడా నా దగ్గర ఉండేది. భూమి కింద ఏముందో ఎవరికి తెలుసు? తంగేడు పొద దగ్గర మాత్రం పడేదని ఏముంది? అసలు తప్పు తర్వాత మొదలైంది. అది ఒక్కరోజు చేసింది కాదు. చాలా ఏళ్లపాటు, నోరు మూసుకుని చేసింది.

ఊళ్లో ఎవరు ముందు అన్నారో తెలియదు. నేను మొదట విన్నది మా మేనత్త నోట. "దానిది ఎండుచెయ్యి. ఆ పిల్ల ముట్టుకుంటే కుండలో నీళ్లు కూడా ఇంకిపోతాయి" అంది, సగం నవ్వుతూ. నవ్వులాట మాటగానే మొదలైంది. తర్వాత నవ్వు పోయి మాట మిగిలింది. శెనక్కాయ విత్తేటప్పుడు మా వైపు మొదటి పిడికెడు విత్తనాన్ని ఇంటి ఆడబిడ్డ చేత వేయిస్తారు. అంతకుముందు మంజులే వేసేది. ఆ ఏడాది నుంచి ఆమెను పిలవలేదు. అన్న ఆమెను ఒక్క మాట కూడా అనలేదు, అది రాయాలి. విత్తే రోజు పొద్దున ఏదో ఒకటి తెమ్మని అంగడికి పంపేవాడు, అంతే. ఆ పిల్ల నూనె సీసా పట్టుకుని పోయేది. తిరిగొచ్చేసరికి విత్తడం మొదలై ఉండేది. రెండో ఏడు, మూడో ఏడు ఆమెను పంపనక్కర్లేకపోయింది. తనే సీసా తీసుకుని బయలుదేరేది.

నేను ప్రతి ఏడూ చూశాను. ప్రతి ఏడూ చెప్పి ఉండవచ్చు. నాలుగు మాటలు. చెబితే ఏమయ్యేది? అన్న నన్ను కొట్టేవాడు. లేదా కొట్టేవాడు కాదు, అది ఇంకా కష్టం. ఈ రెండింటిలో ఏది జరుగుతుందో తెలుసుకోవడానికి నాకు ధైర్యం లేకపోయింది. అందుకని ఒక పిల్లను ఎండుచెయ్యిదాన్ని చేసి ఉంచాను.

తోట ఎండింది. అన్న చెట్లు కొట్టించాడు. కొన్నాళ్లకు ఆ భూమిని కదిరి వైపు ఒకాయనకు అమ్మేశాడు. మంజులకు పద్నాలుగేళ్లున్నప్పుడు ఆయన అక్కడ బోరు వేయించాడు. ఏ చిన్నబిడ్డ చేతా ఏమీ పెట్టించలేదు. బండి తిరగడానికి వీలుగా ఉందని తోట వెనుక, తంగేడు పొద కొట్టేసి, అక్కడ వేయించాడు. నీళ్లు మనిషెత్తు ఎగిరాయి. ఊరంతా చూడటానికి పోయింది. మేమూ పోయాం. మంజుల ముందుకు పోయి రెండు చేతులూ ఆ నీళ్లలో పెట్టింది. చాలాసేపు తీయలేదు. తర్వాత తలెత్తి గుంపులో నన్ను వెతికి చూసింది.

పద్నాలుగేళ్ల పిల్లకు ప్లాస్టిక్ బొమ్మ నడవదని తెలుసు.

ఆ మాట అనడానికి ఆమెకు అప్పుడు అవకాశం ఉంది. వాళ్ల నాయన పక్కనే ఉన్నాడు. ఆమె అనలేదు. తడి చేతులు పావడాకు తుడుచుకుంది. ఇంటికి నడిచేటప్పుడు "చిన్నాయనా, నీకు కాఫీ పెట్టేదా?" అని అడిగింది. ఎందుకు అనలేదు? నన్ను కాపాడిందా? నేనే చెబుతానని ఆగిందా? లేక తన మాట ఎవరూ నమ్మరని అప్పటికే నేర్చుకుందా? నాకు తెలియదు. అడగలేదు. అడిగితే ముందు నేను చెప్పాలి.

మా అన్న ఐదేళ్ల కిందట పోయాడు. కూతురు పెట్టిన చోట నీళ్లు పడలేదని నమ్ముతూనే పోయాడు. ఆ నమ్మకం నేను పెట్టింది. దాన్ని ఇప్పుడు తీయడానికి వీల్లేదు.

మంజుల ఇప్పుడు గుత్తిలో ఉంటుంది. ఇద్దరు పిల్లలు. పోయిన ఏడు గోరంట్లలో నేను ఇల్లు కట్టుకునేటప్పుడు స్థలంలో బోరు వేయించాను. బంధువులంతా వచ్చారు. మంజుల కూడా వచ్చింది. పాయింటు మీద నిమ్మకాయ ఎవరు పెట్టాలి అన్న మాట వచ్చింది. ఈ సంగతేమీ తెలియని నా భార్య నిమ్మకాయ తీసి మంజులకు ఇవ్వబోయింది. మంజుల చెయ్యి వీపు వెనక్కి తీసుకుంది.

"నా చెయ్యి సంగతి తెలియదా పిన్నమ్మా? వేరేవాళ్ల చేత పెట్టించు" అని నవ్వింది. మిగతావాళ్లూ నవ్వారు.

ఆ నవ్వు ఆగిన తర్వాత అందరూ నా వైపు చూశారు, ఇంటి యజమాని కదా. మంజుల కూడా చూసింది. నాకు దాదాపు యాభై ఏళ్లు. మా అన్న లేడు. భయపడటానికి ఎవరూ మిగల్లేదు. అయినా నేను మా తోడల్లుడి కూతురి వైపు తిరిగి "నువ్వు పెట్టమ్మా" అన్నాను.

నీళ్లు పడ్డాయి. మంజుల చేత పెట్టించకపోవడం మంచిదైందని ఎవరో మెల్లిగా అన్నారు. నాకు వినిపించింది. ఆమెకూ వినిపించే ఉంటుంది.

ఆ రోజు నుంచి దీన్ని రాయాలని కూర్చుంటున్నాను, లేస్తున్నాను. క్షమించమని రాస్తే అది కూడా ఆమె దగ్గర ఇంకోటి అడగడమే అవుతుంది. అందుకే అడగడం లేదు. ఇది ఆమె చదవాల్సిన కాగితం కాదు, ఇందులో ఆమెకు తెలియనిదేమీ లేదు. చదవాల్సింది మిగతావాళ్లు. దీని నకలు మా మేనత్త ఇంటికీ, మా వదినకూ పంపుతాను. పంపగలనా? ఇంతదూరం రాశాను కాబట్టి పంపగలననే అనిపిస్తోంది. తర్వాత వాళ్లు నా ఇంటి నీళ్లు ముడతారో లేదో వాళ్ల ఇష్టం.

ఇరవై ఏళ్లు నోట్లో తిప్పుకున్న మాటలు ఇవి. రాసి చూస్తే చాలా చిన్నవి. మంజుల ఆ పొద్దున బొమ్మను తంగేడు పొద దగ్గర పెట్టింది. పడిపోకుండా మట్టి మెత్తి నిలబెట్టింది. నీళ్లు ఉన్నది అక్కడే. అక్కడి నుంచి తీసింది నేను.